జీడిపప్పు లేబుల్, జాతర ఫ్లెక్సీ: గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఏది, ఎక్కడ మొదలుపెట్టాలి?

పలాస_కొత్త

అందరికీ నమస్కారం. గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ మొదట్నుంచి నేర్చుకోవాలి. ముందు రెండు పనులు ఉన్నాయి. ఒకటి, పావుకిలో జీడిపప్పు ప్యాకెట్ మీద అంటించే స్టిక్కర్ లేబుల్: 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు. రెండోది, విజయనగరం సిరిమానోత్సవానికి కట్టే 10 అడుగుల బై 8 అడుగుల ఫ్లెక్సీ. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. ఒకరు ఫోటోషాప్ అంటారు, ఒకరు కోరెల్ అంటారు, ఉచితంగా దొరికేవి చాలని ఇంకొకరు. వీటికి తేడా ఏటి? రెండు పనులకీ ఒకటే సరిపోద్దా?

గంటస్తంభం_డీటీపీ

పలాస గారూ, పేర్ల సంగతి తరవాత. ముందు మీ లేబుల్లో ఏమేం ఉంటాయో విడదీయండి. జీడిపప్పు ఫోటో ఒకటి. బ్రాండ్ పేరు, బొమ్మ గుర్తు, బరువు, ధర, బార్‌కోడ్ ఇంకో జట్టు. మొదటిది పిక్సెల్ పని, రెండో జట్టు అంతా వెక్టర్ పని. గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఈ తేడాయే. ఇది తెలియకుండా ఏ మెనూ నేర్చుకున్నా ప్రింటులో దెబ్బ తింటారు.

ఫోటో అంటే చిన్న చిన్న రంగు గళ్ళ పట్టిక. ఆ గడినే పిక్సెల్ అంటారు. ప్రతి గడికీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. మూడూ కలిపితే 1,67,77,216 రంగులు వస్తాయి. కానీ గళ్ళ సంఖ్య తీసిన రోజే ఖాయమైపోయింది. సాగదీస్తే గడి పెద్దదవుతుందే గాని కొత్త వివరం పుట్టదు. ఫోటోషాప్, గింప్, క్రిత ఈ కోవలోవి.

వెక్టర్‌లో గళ్ళు ఉండవు. చుక్కల ముగ్గులో చుక్కలు పెట్టి గీత కలిపినట్టే, ఇక్కడ నోడ్ అనే బిందువులు, వాటి మధ్య వంపు గీత. ఆ వంపు ఎటు తిరగాలో నోడ్‌కి రెండు వైపులా ఉండే హ్యాండిల్స్ చెప్తాయి. కంప్యూటర్ దాచుకునేది ఆ లెక్క మాత్రమే కాబట్టి, విజిటింగ్ కార్డు మీద వేసిన గుర్తునే లారీ మీద వేసినా అంచు పదునుగానే ఉంటుంది. కోరెల్‌డ్రా, ఇల్లస్ట్రేటర్, ఇంక్‌స్కేప్ ఈ కోవ.

కాబట్టి ఒకటి సరిపోదు. ఫోటో శుభ్రం చేసుకోవడానికి ఒకటి, లేబుల్ కట్టడానికి ఇంకొకటి కావాలి. డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే గింప్, ఇంక్‌స్కేప్ జంట చాలు.

ఏడురోడ్ల_ఫ్లెక్సీ

మాస్టారు చెప్పింది నిజం. ఫ్లెక్సీ సైజు గురించి నేను చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళ ల్యాప్‌టాప్ ఆగిపోయేది ఇక్కడే.

చాలామంది "ప్రింట్ అంటే 300" అని విని 10 బై 8 అడుగుల ఫైలు 300 రిజల్యూషన్‌తో, అంటే అంగుళానికి 300 పిక్సెల్స్‌తో తెరుస్తారు. అది 36,000 బై 28,800 పిక్సెల్స్, అంటే నూరు కోట్ల పైన గళ్ళు. ఒక్క లేయరే (బొమ్మలో ఒక పొర) 3 జీబీ దాటుతుంది. పైగా ఫోటోషాప్ మామూలుగా దాచే పీఎస్‌డీ ఫైలు ఒక వైపు 30,000 పిక్సెల్స్ మించి దాచుకోలేదు, పీఎస్‌బీ అని వేరే రకంగా సేవ్ చేయాలి. అదే ఫైలు 72 తో తెరిస్తే 8,640 బై 6,912. ఒక లేయరుకి 180 ఎంబీ లోపే. 8 జీబీ ర్యామ్‌తో అయిదారు లేయర్లు హాయిగా నడుస్తాయి.

72 పెడితే మసకగా రాదా అని అడుగుతారు. ఫ్లెక్సీ ఎంత దూరం నుంచి చూస్తారన్నదే లెక్క. మామూలు కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూడలేదు. దాన్ని సూత్రంగా మార్చుకుంటే: 3,438 ని చూసే దూరం అంగుళాలతో భాగిస్తే, అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ కావాలో వస్తుంది. చేతిలో పట్టుకుని అడుగు దూరం నుంచి చూసే లేబుల్‌కి 3,438 ని 12 తో భాగిస్తే 286. ఆ 300 అన్న అంకెకి ఇది దగ్గరే. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర కట్టిన ఫ్లెక్సీని జనం పది అడుగుల కంటే దగ్గరకొచ్చి చూడరు. 3,438 ని 120 తో భాగిస్తే 29. మీరు 72 పెడితే అవసరానికి రెట్టింపు పైనే ఉన్నట్టు.

పలాస_కొత్త

ఇది ఎవరూ ఇలా చెప్పలేదండి. మరి వాట్సాప్‌లో వచ్చిన ఫోటో 1200 బై 1600 ఉంది. దాన్ని ఫ్లెక్సీలో 3 అడుగుల వెడల్పున పెట్టొచ్చా? ఫోటోషాప్‌లో దాని రిజల్యూషన్ 72 అని చూపిస్తోంది, 300 చేస్తే బాగుపడుతుందా?

ఏడురోడ్ల_ఫ్లెక్సీ

3 అడుగులంటే 36 అంగుళాలు. 1200 ని 36 తో భాగిస్తే 33. పది అడుగుల దూరానికి గట్టెక్కుతుంది, దగ్గరకెళ్తే మసక. అదే ముఖాన్ని కత్తిరించి, 400 పిక్సెల్స్ ముక్కని 3 అడుగులకి సాగదీస్తే 11 మిగులుతుంది. అప్పుడు దూరం నుంచి కూడా గళ్ళు కనిపిస్తాయి. ఫోటో పంపేవాళ్ళని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు కుదించకుండా కెమెరా ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది.

టెక్కలి_లినక్స్

రెండో ప్రశ్న ముఖ్యం. ఫోటోషాప్‌లో ఇమేజ్ సైజ్ పెట్టెలో "రీశాంపిల్" అని టిక్ ఉంటుంది. ఆ టిక్ తీసేసి 72 ని 300 చేస్తే పిక్సెల్ ఒక్కటీ మారదు, కాగితం మీద వచ్చే అంగుళాలు తగ్గుతాయంతే. టిక్ ఉంచి 300 చేస్తే సాఫ్ట్‌వేర్ పక్క గళ్ళని చూసి మధ్యలో కొత్త గళ్ళు ఊహించి నింపుతుంది. ఫైలు బరువెక్కుతుంది, కనురెప్పల వెంట్రుకలు మాత్రం తిరిగి రావు. గింప్‌లో ఈ రెండూ వేర్వేరు మెనూలు: "ప్రింట్ సైజ్" మొదటిది, "స్కేల్ ఇమేజ్" రెండోది. అందుకే ఇది అర్థం చేసుకోవడానికి గింప్ తేలిక.

గింప్ మొదలుపెట్టేవాళ్ళకి ఇంకో సంగతి. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో సిస్టమ్ రిసోర్సెస్, అక్కడ టైల్ క్యాష్ సైజు, అంటే గింప్ వాడుకునే ర్యామ్ ఎంతో చూడండి. 8 జీబీ మెషీన్‌కి 4 జీబీ పెడితే సరి. దానికి మించి పెడితే బ్రౌజర్‌కీ విండోస్‌కీ చోటు లేక మొత్తం నత్తనడకైపోద్ది. ఇమేజ్ మెనూలో ప్రెసిషన్ 8 బిట్ ఉందో లేదో కూడా చూసుకోండి. 32 బిట్‌లో ఉంటే అదే ఫైలుకి నాలుగింతలు మెమరీ పడుతుంది.

పలాస_కొత్త

జీడిపప్పు ఫోటోకి బ్యాక్‌గ్రౌండ్ తీయడం నా వల్ల కావట్లేదు. తెల్ల గుడ్డ మీద పెట్టి తీసిన ఫోటో. మంత్రదండం లాంటి టూల్‌తో క్లిక్ చేస్తే పప్పు సగం కూడా ఎంచేస్తోంది.

టెక్కలి_లినక్స్

ఆ టూల్ రంగుల పోలికని బట్టి ఎంచుతుంది. పప్పు లేత మీగడ రంగు, గుడ్డ తెలుపు, వెలుగు పడిన వైపు రెండిటి విలువలూ దాదాపు ఒకటే. థ్రెషోల్డ్ ఎంత తగ్గించినా ఆ వైపు కారిపోతుంది. వీలుంటే ముదురు నీలం కాగితం మీద పెట్టి మళ్ళీ ఫోటో తీయండి. వీలుకాకపోతే పాత్ టూల్‌తో చేత్తో గీయాలి.

గింప్‌లో బి నొక్కితే పాత్ టూల్ వస్తుంది. పప్పు అంచు మీద క్లిక్ చేసి, వేలు ఎత్తకుండా కాస్త లాగితే హ్యాండిల్ బయటికొస్తుంది. వంపు ఎక్కడ మలుపు తిరుగుతోందో అక్కడే నోడ్ పెట్టండి. ఒక పప్పుకి రెండు కొసల దగ్గర ఒక్కొక్కటి, బయటి పొట్ట మీద రెండు, లోపలి గుంట దగ్గర ఒకటి, మొత్తం అయిదు చాలు. ఇరవై నోడ్లు పెడితే అంచు గతుకులుగా వస్తుంది. చివరికి కంట్రోల్ పట్టుకుని మొదటి నోడ్ మీద క్లిక్ చేస్తే గీత మూసుకుంటుంది, ఎంటర్ కొడితే సెలెక్షన్ అవుతుంది.

ఇప్పుడు సెలెక్ట్ మెనూలో ష్రింక్, 1 పిక్సెల్. ఇది చేయకపోతే పాత తెల్ల గుడ్డ అంచు సన్నని గీతలా పప్పు చుట్టూ మిగిలిపోతుంది. లేబుల్ మీద ముదురు రంగు వేసినప్పుడు అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తరవాత ఫెదర్ (అంచు మెత్తబరచడం) 1 లేదా 1.5 పిక్సెల్స్. ఆపైన లేయర్ మెనూలో మాస్క్, యాడ్ లేయర్ మాస్క్, "సెలెక్షన్" అని ఎంచుకోండి.

ఎరేజర్‌తో చెరపకండి. చెరిపింది ఫైలు మూసేశాక తిరిగి రాదు. మాస్క్ మీద నలుపు రుద్దితే దాక్కుంటుంది, తెలుపు రుద్దితే బయటికొస్తుంది, బూడిద రంగు రుద్దితే సగం కనిపిస్తుంది. ఎక్స్ కీ నొక్కితే నలుపు తెలుపు అటూ ఇటూ మారతాయి. ఇవన్నీ ఎక్స్‌సీఎఫ్ ఫైలులో భద్రంగా ఉంటాయి. ఇంక్‌స్కేప్‌లోకి తీసుకెళ్ళడానికి మాత్రం పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. జేపెగ్‌కి పారదర్శకత తెలియదు, ఖాళీ ఉన్న చోటల్లా రంగు నింపేస్తుంది.

బొబ్బిలి_వెక్టర్

ఇక లేబుల్ కట్టడం. ఇంక్‌స్కేప్ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, డి నొక్కండి. డాక్యుమెంట్ ప్రాపర్టీస్ వస్తుంది. కొలత మిల్లీమీటర్లు పెట్టి, వెడల్పు 101.6, ఎత్తు 152.4. ఇది కత్తిరించాక మిగిలే సైజు. కత్తి ఎప్పుడూ గీత మీదే పడదు, అర మిల్లీమీటరు అటో ఇటో జరుగుతుంది. అందుకే నేపథ్య రంగుని నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి సాగనివ్వాలి, అదే బ్లీడ్. అంటే రంగు పెట్టె 107.6 బై 158.4. అలాగే అక్షరాలు, గుర్తులు ఏవీ అంచుకి 3 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా పెట్టకండి.

లేయర్లు మూడు పెట్టుకోండి: అడుగున నేపథ్యం, మధ్యలో ఫోటో, పైన అక్షరాలు. నేపథ్యం పూర్తయ్యాక తాళం బొమ్మ మీద క్లిక్ చేసి దాన్ని కదలకుండా చేయండి, లేకపోతే అక్షరం పట్టుకోబోయి వెనకున్న రంగు పెట్టెని లాగేస్తారు. రంగులకి కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్. నోడ్లు దిద్దడానికి ఎన్ కీ. నోడ్ ఎంచుకుని షిఫ్ట్, ఎస్ కొడితే నున్నటి వంపు, షిఫ్ట్, సి కొడితే పదునైన మూల.

వీణ లాంటి గుర్తు గీసేటప్పుడు సూత్రం ఇదే. వీణ కుండ గుండ్రంగా ఉంటుంది కదా, దానికి పైన, కింద, ఎడమ, కుడి నాలుగు నోడ్లు, ప్రతి హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో 0.55 వంతు. అంతే, చూపుకి పూర్తి వృత్తం. దండి రెండు సమాంతర గీతలు. దండి చివర ఉండే యాళి (సింహం లాంటి జంతువు) తల దగ్గర మాత్రమే నోడ్లు ఎక్కువ పడతాయి.

ఫోటోని ఒక్క దెబ్బతో వెక్టర్ చేసేద్దామని షిఫ్ట్, ఆల్ట్, బి తో ట్రేస్ బిట్‌మ్యాప్ వాడతారు చాలామంది. నలుపు తెలుపు గుర్తుకి అది బాగా పనిచేస్తుంది. జేపెగ్ నుంచి చేస్తే మాత్రం అక్షరాల చుట్టూ మసి కూడా గీతలైపోతుంది. జేపెగ్ బొమ్మని 8 బై 8 పిక్సెల్స్ ముక్కలుగా కోసి కుదిస్తుంది, పదునైన అంచు పడ్డ ముక్కలో ఆ మసి తప్పదు. వేల నోడ్లు వస్తే కంట్రోల్, ఎల్ తో సింప్లిఫై చేయొచ్చు, కానీ రెండోసారి కొడితే మూలలు కరిగిపోతాయి. మూలం పీఎన్‌జీ దొరికితే అదే వాడండి.

పలాస_కొత్త

తెలుగు అక్షరాల సంగతి? ఊళ్ళో డీటీపీ వాళ్ళంతా అనూ ఫాంట్లే అంటున్నారు.

గంటస్తంభం_డీటీపీ

అనూ లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరపు ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. కంప్యూటర్ దృష్టిలో అక్కడ ఉన్నది తెలుగు కాదు. ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే ఇంగ్లీషు గజిబిజి కనిపిస్తుంది, వెతికితే దొరకదు, ఫోన్‌కి కాపీ చేస్తే పనికిరాదు. అయినా పెళ్ళి శుభలేఖల ప్రపంచం దాని మీదే నడుస్తోంది, ఎందుకంటే అలంకారంగా ఉండే రకాలు ఎక్కువ, పాత పేజ్‌మేకర్‌లో కూడా అక్షరం విరగదు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు యూనికోడ్‌తో, అంటే తెలుగు అక్షరాలకి సొంత స్థానాలున్న పద్ధతితో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, ఎన్టీఆర్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. మన జిల్లాల పెద్దల పేర్లతో గురజాడ, గిడుగు కూడా ఉన్నాయి. పుస్తకం లాంటి వాక్యాలకి మండలి, దూరం నుంచి చదవాల్సిన ఫ్లెక్సీకి లావుగా ఉండే రామభద్ర.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా వాడకముందు నాలుగు మాటలు టైప్ చేసి చూడండి: శ్రీ, లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం. వత్తులు కింద కూర్చుంటే సరే. పక్కపక్కన పొల్లుతో విడిపోతే ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు కూర్చడం రాదన్నమాట. ఇంక్‌స్కేప్, గింప్ రెండూ సరిగ్గా కూరుస్తాయి. పాత ఫోటోషాప్‌లో విరిగితే ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్ళి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని, కొత్త ఫైలు తెరిచి టైప్ చేయాలి. కోరెల్ పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు విరుగుతుంది. అలాంటప్పుడు ఇంక్‌స్కేప్‌లో కూర్చి, గీతలుగా మార్చి, కోరెల్‌లోకి దించుకోవడమే దారి.

వరసల మధ్య ఎడం ఇంగ్లీషు కొలతలో వదిలేయకండి. పై వరస వత్తు, కింది వరస గుడి ఢీకొంటాయి. అక్షరం 10 పాయింట్లయితే వరస ఎడం 14 నుంచి 15 ఉండాలి.

ఆమదాలవలస_ప్రెస్

ఫైలు ప్రెస్‌కి పంపేముందు అక్షరాలన్నీ గీతలుగా మార్చాలి. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్, షిఫ్ట్, సి. కోరెల్‌లో కంట్రోల్, క్యూ. మా దగ్గర మీ ఫాంట్ ఉండదు, మార్చకుండా పంపితే వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. ఒకసారి మార్చాక అక్షరదోషం దిద్దడం కుదరదు. అందుకని దిద్దుకోగలిగే అసలు ఫైలు ఒకటి, గీతలు చేసిన నకలు ఇంకొకటి, రెండు వేర్వేరు పేర్లతో ఉండాలి. ధర మారినప్పుడు అసలు ఫైలులో మార్చి మళ్ళీ నకలు తీయండి.

రంగుల దగ్గర అసలు చిక్కు. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్ సయాన్, మజెంటా, పసుపు, నలుపు సిరాలతో అచ్చేస్తుంది. స్క్రీన్ మీద మెరిసే చిలకాకుపచ్చ, విద్యుత్ నీలం ఆ నాలుగు సిరాలతో రావు. నీలం అనుకున్నది వంగపండు రంగులో వచ్చిందని వాదిస్తారు. సయాన్ 100, మజెంటా 100 వేస్తే వచ్చేది అదే. మజెంటా 70 కి దించండి, నీలం నీలంలా ఉంటుంది. పసుపు రంగుకి మజెంటా 20, పసుపు 100. కుంకుమకి మజెంటా 100, పసుపు 100, నలుపు 10.

నల్లటి అక్షరాలు నలుపు 100 మాత్రమే. ఇంక్‌స్కేప్ ఆర్‌జీబీలో (స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్క) పనిచేస్తుంది కాబట్టి దాని నలుపుని మార్చినప్పుడు నాలుగు సిరాల మిశ్రమం అయిపోతుంది. సిరాకొకటి చొప్పున ఉండే నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరం చుట్టూ ఎర్రటి, నీలపు నీడ వస్తుంది, తలకట్టు పక్కన ఉన్న సందు మూసుకుపోతుంది. అందుకే గీతలు చేసిన ఎస్‌వీజీని (ఇంక్‌స్కేప్ ఫైలు) స్క్రైబస్ అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లోకి దించి, అక్కడ రంగుల జాబితాలో నలుపుని నలుపు 100 గా మార్చి, బ్లీడ్ 3 పెట్టి పీడీఎఫ్ తీయండి. స్క్రైబస్ కూడా ఉచితమే.

ఏడురోడ్ల_ఫ్లెక్సీ

ప్రెస్ గారితో ఒక్క చోట విభేదిస్తాను. అది ప్లేట్లతో అచ్చేసే ఆఫ్‌సెట్‌కి నూరు పాళ్ళు నిజం. ఫ్లెక్సీకి ఆర్‌జీబీ ఫైలు ఇచ్చినా పరవాలేదు. మెషీన్ ముందు ఉండే రిప్ సాఫ్ట్‌వేర్ తన సిరాకీ తన ఫ్లెక్స్‌కీ తగ్గ ప్రొఫైల్‌తో (రంగులు మార్చే లెక్క) మారుస్తుంది. మీరు మీ ఇంట్లో కాగితం ప్రొఫైల్‌తో మార్చి ఇస్తే రంగు రెండుసార్లు మారి ఇంకా మందగిస్తుంది.

ఆమదాలవలస_ప్రెస్

ఒప్పుకుంటాను, ఒక్క షరతు. ఫ్లెక్సీలో కూడా పెద్ద నల్ల నేపథ్యం వేసేవాళ్ళు నాలుగు సిరాలూ 100 పెట్టకూడదు. 400 శాతం సిరా ఆరదు, మడత పెడితే అంటుకుని ఊడొస్తుంది. సయాన్ 60, మజెంటా 40, పసుపు 40, నలుపు 100 చాలు, చిక్కటి నలుపు.

ఏడురోడ్ల_ఫ్లెక్సీ

అది నిజమే, నలుపు విషయంలో మాత్రం సీఎంవైకే లోనే, అంటే ఆ నాలుగు సిరాల లెక్కలోనే ఇవ్వండి.

ఫ్లెక్సీకి మిగతా జాగ్రత్తలు: రింగులు కొట్టడానికీ అంచు మడవడానికీ చుట్టూ 3 అంగుళాలు అక్షరం, ముఖం లేకుండా వదలండి. 3.2 మీటర్ల మెషీన్లు ఎక్కువ కాబట్టి మీ 10 అడుగులు అతుకు లేకుండా వస్తుంది. పొడవు, వెడల్పు రెండూ అంతకు మించితే ఏదో ఒక చోట అతుకు పడుతుంది, అది ముఖం మీద పడకుండా ముందే అడిగి చూసుకోండి. సిరిమాను బొమ్మ పెడితే మాను పొడవంతా, చివర కూర్చున్న పూజారితో సహా వచ్చేలా అడ్డంగా, ఏటవాలుగా వేయండి. నిలువు గడిలో ఇరికిస్తే పూజారి గుర్తుపట్టలేనంత చిన్నగా అయిపోతారు. పేర్లు ఎన్ని ఉన్నా అక్షరం ఎత్తు 3 అంగుళాల కంటే తగ్గితే రోడ్డు అవతలి నుంచి చదవలేరు.

ప్రింటుకిచ్చేముందు ఓ పరీక్ష. ఫైలులోంచి 8 బై 11 అంగుళాల ముక్క, ముఖం ఉన్న చోటు, అసలు సైజులోనే కత్తిరించి ఏ4 కాగితం మీద ప్రింట్ తీయండి. గోడకి అంటించి పది అడుగుల వెనక్కి వెళ్ళి చూడండి. అక్కడ బాగుంటే ఫ్లెక్సీ కూడా బాగుంటుంది.

పలాస_కొత్త

లేబుల్ ఇంక్‌స్కేప్‌లో దాదాపు అయ్యింది. బార్‌కోడ్, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క గూగుల్లో దొరికిన బొమ్మలు పెట్టాను. సరిపోద్దా?

ఆమదాలవలస_ప్రెస్

వద్దండి, రెండూ వెక్టర్‌లో మీరే గీయాలి. చుక్క, దాని చుట్టూ గడి, రెండు నిమిషాల పని. ముందు భాగం వైశాల్యం 100 నుంచి 500 చదరపు సెంటీమీటర్ల మధ్య ఉంటే చుక్క వ్యాసం కనీసం 4 మిల్లీమీటర్లు, గడి భుజం దానికి రెట్టింపు. మీ లేబుల్ సుమారు 155, కాబట్టి ఇదే వర్తిస్తుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్స్) నంబర్ 14 అంకెలు, ఒక్క అంకె పోయినా చెల్లదు, ఆఖర్న ఇంకోసారి లెక్కపెట్టండి.

బార్‌కోడ్ ఇంక్‌స్కేప్‌లోనే తయారవుతుంది: ఎక్స్‌టెన్షన్స్, రెండర్, బార్‌కోడ్, క్లాసిక్, ఈఏఎన్ 13. మీకు కేటాయించిన అంకెలు వేస్తే గీతలు వస్తాయి. మన దేశంలో నమోదైన నంబర్లు 890 తో మొదలవుతాయి. పూర్తి సైజు 37.29 బై 25.93 మిల్లీమీటర్లు. 80 శాతానికి తగ్గించొచ్చు, అంతకంటే తగ్గితే సన్నగీతలు సిరా పాకి కలిసిపోతాయి. సాగదీసేటప్పుడు కంట్రోల్ పట్టుకోండి, నిష్పత్తి చెడకూడదు. ఎడమ వైపు 3.6, కుడి వైపు 2.3 మిల్లీమీటర్లు తెల్లగా వదలాలి, స్కానర్ మొదలు తుది పట్టుకునేది ఆ ఖాళీని బట్టే. గీతలు నలుపు 100. లేబుల్ ఎరుపు కదా అని గీతలు కూడా ఎరుపు వేస్తే ఎర్ర వెలుగు స్కానర్‌కి అవి తెల్ల కాగితంలాగే కనిపిస్తాయి, బిల్లు పడదు.

రాజాం_రేడియం

పలాస గారూ, ఇదే గుర్తుని బండి మీదో కొట్టు అద్దం మీదో రేడియం కటింగ్ చేయించాలనుకుంటే ఇంకో మెట్టు ఉంది. ప్లాటర్ అనే కోత మెషీన్ బ్లేడు గీత ఎక్కడుంటే అక్కడ కోస్తుంది, రంగు చూడదు. తెలుగు ఫాంట్లలో అక్షరం మీద గుడి, కింద వత్తు వేరే గీతలుగా ఉండి ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. స్క్రీన్ మీద ఒకే నలుపు కాబట్టి తెలీదు. కోసేటప్పుడు అక్షరం మధ్యలోంచి బ్లేడు పోయి ముక్కలౌద్ది. ఇంక్‌స్కేప్‌లో వ్యూ మెనూ, డిస్‌ప్లే మోడ్, అవుట్‌లైన్ పెట్టి చూస్తే ఎక్కడెక్కడ ఎక్కాయో కనిపిస్తాయి.

పలాస_కొత్త

అవుట్‌లైన్‌లో చూశాను, "శ్రీ" లో మూడు చోట్ల గీతలు ఒకదాని మీదొకటి ఉన్నాయి. స్నేహితుల కోరెల్‌లో పెట్టి కంట్రోల్, ఎల్ కొడితే ఆ మూడు చోట్లా తెల్లటి చిల్లులు పడ్డాయి.

రాజాం_రేడియం

కంట్రోల్, ఎల్ అంటే కంబైన్. అది గీతల్ని ఒక్క వస్తువుగా కడుతుంది, కానీ ఒకదాని మీదొకటి ఎక్కిన చోటు ఖాళీ చేసేస్తుంది. మీకు కావలసింది వెల్డ్, అది ముక్కల్ని కలిపేసి బయటి గీత ఒక్కటే మిగులుస్తుంది. కంట్రోల్, జెడ్ కొట్టి వెనక్కెళ్ళండి, ముక్కలన్నీ ఎంచుకోండి, షేప్ పట్టీలో వెల్డ్ నొక్కండి. ఇంక్‌స్కేప్‌లో అయితే గీతలుగా మార్చాక కంట్రోల్, షిఫ్ట్, జి తో గ్రూపు విప్పి, పాత్ మెనూలో యూనియన్.

ఒక్కో అక్షరానికి వేరేగా చేయండి. పేరంతా ఒకేసారి ఎంచుకుని కొడితే, పక్క అక్షరపు వత్తు ఏదైనా తగులుతుంటే రెండక్షరాలూ అంటుకుపోతాయి. అయ్యాక అవుట్‌లైన్ మోడ్‌లో మళ్ళీ చూడండి, ప్రతి అక్షరానికీ బయట ఒకే గీత ఉండాలి, లోపల సున్నాల గీతలు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

బొబ్బిలి_వెక్టర్

ఇంకొకటి. వీణ తీగలు సన్నగీతలుగా గీసి ఉంటే అవి ఆకారాలు కావు, మందం ఉన్న గీతలంతే. సెట్టింగుని బట్టి చిన్నది చేసినప్పుడు మందం తగ్గకుండా ఉండిపోయి నాలుగు తీగలూ ముద్దవ్వొచ్చు, ప్లాటర్‌లో ఒకే కోతగా వస్తాయి. కంట్రోల్, ఆల్ట్, సి తో స్ట్రోక్ టు పాత్ చేయండి, ఆ తరవాతే సైజు మార్చండి. రేడియంలో 1 మిల్లీమీటరు కంటే సన్నవి ఊడిపోతాయి, అక్కడ నాలుగు తీగలకి బదులు రెండు గీయడం మేలు.

పలాస_కొత్త

వెల్డ్ చేశాను, చిల్లులు పోయాయి. బార్‌కోడ్ 90 శాతం సైజులో పెట్టి ఏ4 మీద ప్రింట్ తీస్తే ఫోన్ స్కానర్ చదివింది. లేబుల్ ఎస్‌వీజీ అసలుది, గీతలు చేసినది వేరు వేరు పేర్లతో దాచాను. స్క్రైబస్‌లో పీడీఎఫ్ తీసేటప్పుడు ఫోటో రిజల్యూషన్ ఎంతుందో ఎక్కడ చూడాలి మాస్టారూ?

గంటస్తంభం_డీటీపీ

ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ఇన్ఫో చూడండి, "యాక్చువల్ పీపీఐ" (అంగుళానికి పిక్సెల్స్) అని ఉంటుంది. మీరు కుదించాకనో సాగదీశాకనో నిజంగా కాగితం మీద పడే అంకె అదే. 250 పైన ఉంటే ధైర్యంగా పంపండి. 200 కంటే తగ్గితే ఫోటోని లేబుల్ మీద చిన్నది చేయండి, లేదా కెమెరా అసలు ఫైలు నుంచి మళ్ళీ కత్తిరించి తెచ్చుకోండి. పీడీఎఫ్ పెట్టెలో కంప్రెషన్ దగ్గర "మ్యాగ్జిమమ్" నాణ్యత ఉంచండి, ప్రీప్రెస్ ట్యాబ్‌లో క్రాప్ మార్కులు టిక్ చేసి, డాక్యుమెంట్ బ్లీడ్ వాడమని పెట్టండి. తెరిచి చూస్తే పేజీ కొలత 107.6 బై 158.4 కంటే కాస్త పెద్దగా, మూలల్లో మార్కులతో రావాలి.